ముట్టుకుంటే పలికే బొమ్మ

సాహిత్య పత్రికలో మొబైల్ ఆటల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లిస్తారని తెలుసు. పోయిన వానాకాలం దాకా నేనూ చిట్లించేవాణ్ణే. ఆ ఆటలు పిల్లల చదువు పాడుచేస్తాయనీ, వాటి వెనక పెద్ద వ్యాపారం వుందనీ అనుకోవటం తప్ప, అందులో రచయితకు పనేమైనా వుంటుందని నాకు తోచలేదు. తోచేటట్టు చేసింది, డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకుని ఆ తర్వాత యానిమేషన్ నేర్చుకున్న ఒక అమ్మాయి. షేక్‌పేట నాలా దగ్గర ఒక భవనం రెండో అంతస్తులో, పరాయి దేశాల ఆటల కంపెనీలకు బొమ్మలు చేసిపెట్టే చోట ఆమె పనిచేస్తోంది.

"సార్, మీరు నాటకాలు రాసిండ్రు గదా. ఇరవై రెండు మాటలు రాసియ్యాలె. ఒక్కొక్కటి మూడు సెకన్లు దాటొద్దు" అంది.

ఇరవై రెండు మాటలే గదా అని వొప్పుకున్నాను. ఆమె పంపిన కాగితం చూశాక గాని అసలు సంగతి తెలియలేదు. అదొక పట్టిక. ఎడమవైపు గడిలో శరీరభాగం పేరు, మధ్య గడిలో సెకన్లు, కుడివైపు గడిలో భావం. తల: మూడు సెకన్లు, నవ్వు. భుజం: రెండున్నర సెకన్లు, ఉత్సాహం. చెయ్యి: రెండు సెకన్లు, పలకరింపు. నడుము: రెండు సెకన్లు, సిగ్గు. చిట్టచివరి వరస: ఆగకుండా ఇరవైసార్లు ముట్టుకుంటే, మూడు సెకన్లు, కోపం, కాని ముద్దుగా.

పాత్ర ఎవరని అడిగాను. ఒక యోధురాలు. పేరుంది, చేతిలో కత్తి వుంది, వయసు రాశారు, ఎత్తు రాశారు. ఎవరితో ఎందుకు యుద్ధం చేస్తోందో మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. అయితే ఈ ఇరవై రెండు మాటలూ ఆమెకు కూడా కావట, ఆమె వేసుకున్న ఒక 'స్కిన్'కట. ఆ మాట అర్థం చేసుకోవటానికి నేను నాలుగుసార్లు ఆ రెండో అంతస్తు ఎక్కాను. అక్కడ నేర్చుకున్నది మీకు చెప్పటానికే ఈ వ్యాసం.

ఆటలో పాత్రకున్న బలాబలాలు మారకుండా, పైరూపాన్ని మాత్రమే మార్చే వేషాన్ని స్కిన్ అంటారు. ఈ మాట 1990లలో కంప్యూటర్ ఆటలతో వ్యాప్తిలోకి వచ్చింది. 1996లో వచ్చిన 'క్వేక్' అనే ఆటలో, ఆడేవాళ్ళే తమ సైనికుడి మీద పరిచే బొమ్మను తమకు నచ్చినట్టు గీసుకుని, ఒకళ్ళకొకళ్ళు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. అప్పుడది సరదా, దానికి ధర లేదు. తర్వాత ఆట ఉచితం, వేషానికి డబ్బు అనే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు మన వీధి కుర్రాడి ఫోనులో వున్న ఆటల్లో చాలావాటికి ఇదే ఆదాయమార్గం. ఆడటానికి పైసా అక్కర్లేదు. ఆడుతున్నప్పుడు పక్కవాడి కళ్ళల్లో పడాలంటే కావాలి.

స్కిన్ అంటే చర్మం. తోలు. ఆ గదిలో కూచుని బొమ్మ తయారవుతుంటే చూసినవాడికి ఆ పేరు వూరికే పెట్టలేదనిపిస్తుంది.

ముందు ఒక వల అల్లుతారు. వేలకొద్దీ చిన్న చిన్న త్రికోణాలు అంచులు కలుపుకుని మనిషి ఆకారం కడతాయి. అది బోలు బొమ్మ, లోపలేమీ వుండదు, పైన రంగూ వుండదు. రంగు వెయ్యటానికి ఆ బొమ్మను కుట్లు విప్పినట్టు విప్పి బల్లపరుపుగా పరుస్తారు. చంక కింద ఒక కోత, కాళ్ళ లోపలివైపు ఒక కోత, తల వెనక ఒక కోత. తెర మీద పరిచిన ఆ రూపం చూడగానే నాకు మా ఊళ్ళో మేకుల మధ్య బిగించి ఆరబెట్టిన మేకతోలు గుర్తొచ్చింది. ఆ పరిచిన తోలు మీద బట్టలు, నగలు, కనుబొమలు, చెమట మెరుపు అన్నీ గీసి, మళ్ళీ బొమ్మకు చుట్టేస్తారు. తర్వాత లోపల ఎముకలు పెడతారు. పై తోలులో ఏ బిందువు ఏ ఎముకను ఎంత మేరకు అనుసరించాలో లెక్క కడతారు. మోచెయ్యి వంచితే మోచేతి దగ్గరి చర్మం సగం పైఎముకతో, సగం కింది ఎముకతో పోవాలి. లెక్క తప్పితే చెయ్యి నలిగిన గొట్టంలా కనిపిస్తుంది. మా అమ్మాయి చేసే పని ఇదే. రోజుకు పదిగంటలు మోచేతులూ, మోకాళ్ళూ, చీర కుచ్చెళ్ళూ వంచి వంచి చూస్తుంది.

ఇదిగాక ఇంకో పద్ధతి వుంది. అది మనవాళ్ళకి మరింత దగ్గర. ఒకే ఒక బొమ్మను కాగితం మీద గీసినట్టు గీసి, దాన్ని ముక్కలుగా విడదీస్తారు. ముందుజుట్టు ఒక ముక్క, వెనకజుట్టు ఒకటి, కనురెప్పలు, కనుపాప, పెదవి, చేతి తొడుగు, పైట, దేనికది వేరు. ఒక్కొక్క ముక్కను కొంచెం సాగదీసి, కొంచెం వంచి, ఒకదాని మీద ఒకటి కదిలిస్తారు. బొమ్మ వూపిరి తీస్తున్నట్టు, తల తిప్పి చూస్తున్నట్టు వుంటుంది. 'లైవ్ టూడీ' అనే జపాను సాఫ్ట్‌వేర్ ఈ పనికి పేరు పడింది. 2017లో చైనాలో మొదలైన 'అజూర్ లేన్' లాంటి ఆటలు, ముట్టుకుంటే పలికే స్కిన్లను ఈ పద్ధతిలోనే పెద్దయెత్తున అమ్మాయి.

ముక్కలు చేసి కీళ్ళు కట్టటం మనకు కొత్తగాదు. సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళు ఈ పని తరతరాలుగా చేస్తున్నారు. ఆ వూరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుగు చొరబడేంత పల్చగా సాపుచేసి, తల, మొండెం, చేతులు, కాళ్ళు వేరువేరుగా కోసి, భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, నడుం దగ్గర దారంతో ముడివేస్తారు. నిలువునా ఒక వెదురు దబ్బ, చేతులకు సన్నటి పుల్లలు. రంగు రెండువైపులా వేస్తారు, ఎందుకంటే బొమ్మ అటు తిరగాలి, ఇటూ తిరగాలి. షేక్‌పేట గదిలోని పనికీ దీనికీ సూత్రంలో తేడా లేదు. దబ్బ పోయి ఎముక వచ్చింది, దారం పోయి లెక్క వచ్చింది.

పోలిక ఇక్కడితో ఆపితే ఇదొక చమత్కారంగా మిగులుతుంది. మన పూర్వీకులకు అన్నీ తెలుసునని చంకలు గుద్దుకునేవాళ్ళకు పనికొస్తుంది. నాకు కావలసింది తేడా.

తోలుబొమ్మలాటలో కూడా ఒక పాత్రకు ఒక బొమ్మే వుండదు. సింహాసనం మీది రాముడు వేరు, నారచీరల రాముడు వేరు. హనుమంతుడికి చిన్న బొమ్మా వుంటుంది, పెద్ద బొమ్మా వుంటుంది. ఆట ఆడేవాడు ఒక బొమ్మ తీసి ఇంకొకటి తెరకు ఆనిస్తాడు. నేటి భాషలో చెప్పాలంటే స్కిన్ మారుస్తాడు. ఎప్పుడు మారుస్తాడు? కైక వరం అడిగినప్పుడు. సముద్రం దాటవలసి వచ్చినప్పుడు. కథ మారింది కనక వేషం మారింది. ప్రేక్షకుడు ఆ కొత్త బొమ్మను చూసి, ఏమి జరిగిపోయిందో గ్రహిస్తాడు. రాజ్యం పోయిందని నారచీరే చెపుతుంది.

ఆటలో స్కిన్ ఎప్పుడు మారుతుంది? దీపావళికి మారుతుంది. చైనా కొత్త సంవత్సరానికి మారుతుంది. 'సీజన్' అని వాళ్ళనే రెండు నెలల గడువు తీరినప్పుడు మారుతుంది. ఆ యోధురాలికి ఏమీ జరగలేదు. ఆమె ఓడలేదు, గెలవలేదు, ఎవరినీ పోగొట్టుకోలేదు. ఆమెకు పెళ్ళిచీర కట్టారు, పెళ్ళి లేదు. వితంతువులా తెల్లబట్ట కట్టినా కట్టగలరు, చావు లేకుండానే. వేషానికీ కథకీ మధ్య వున్న ముడి తెగిపోయింది. సాహిత్య విద్యార్థి గమనించవలసిన మొదటి సంగతి ఇది.

రూపం మారినా పాత్ర నిలవటం అనే సమస్యను మన సినిమా బాగానే ఎదుర్కొంది. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. తెర మీద వున్నది సావిత్రి. నడకలో, చూపులో, చెయ్యి విసురులో ఘటోత్కచుడు, అంటే అంతకుముందు మనం చూసిన ఎస్.వి. రంగారావు, బయటపడుతుంటాడు. చర్మం శశిరేఖది, లోపలి ఎముకలు ఘటోత్కచుడివి. ఆ పొంతన కుదరకపోవటంలోనే హాస్యమంతా వుంది. (అదే సినిమాకు 2010లో హైదరాబాదు కంపెనీ ఒకటి రంగులద్దింది. అప్పుడు మాత్రం మారింది చర్మమే.) 2012లో వచ్చిన 'ఈగ' ఇంకా సాహసం చేసింది. మొదటి అరగంటలో కనిపించిన నాని చచ్చిపోయి ఈగ అవుతాడు. మాట లేదు, మనిషి ముఖం లేదు. హైదరాబాదు 'మకుట' సంస్థ యానిమేటర్లు ఆ ఈగకు కాళ్ళతోనూ తలతోనూ కసి, ప్రేమ, కొంటెతనం పలికించారు. మనం దాన్ని నాని అనుకుంటూనే చూశాం. ఎందుకంటే దానికొక పగ వుంది. తోలు ఎంత మారినా పగ మారలేదు.

అంటే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, షేక్‌పేట చుట్టూ వున్న ఈ నాలుగైదు కిలోమీటర్ల నేలలో, పాత్ర అంటే ఏమిటో తెలిసిన చేతులు వున్నాయి. జూబ్లీహిల్సూ ఫిల్మ్‌నగరూ రెవెన్యూ లెక్కల్లో షేక్‌పేట మండలంలోవే. సినిమాకు గ్రాఫిక్స్ చేసిన కుర్రాళ్ళే పని లేనప్పుడు ఆటలకు బొమ్మలు చేస్తారు, అక్కడ పని తగ్గితే మళ్ళీ ఇక్కడికి వస్తారు. నేర్పు ఒకటే. అడిగేవాళ్ళు వేరు.

ఇప్పుడు ముట్టుకోవటం దగ్గరికి వద్దాం.

ఆట తెరవగానే యుద్ధం మొదలుగాదు. ముందొక గది వుంటుంది. దాన్ని లాబీ అంటారు. అక్కడ మన పాత్ర కొన్న వేషం వేసుకుని ఒంటరిగా నిలబడి వుంటుంది. కొత్త స్కిన్ వేసుకున్నప్పుడు ఒక ప్రవేశం వుంటుంది: పైనుంచి దూకటమో, పూలు రాలటమో, గిర్రున తిరిగి నిలవటమో. మన కూచిపూడివాళ్ళు దీన్ని ప్రవేశదరువు అంటారు. భామాకలాపంలో సత్యభామ ముందు తెరమీదుగా జడ వేస్తుంది. ఆ జడ ఒక సవాలు. నన్ను మించినదెవరో రమ్మని. లాబీలోని బొమ్మ కూడా సవాలు చేస్తున్నట్టే దూకుతుంది. ఎవర్నని అడక్కండి. గదిలో ఎవరూ లేరు.

తర్వాత ఆ బొమ్మ వూరికే నిలబడి వూపిరి తీస్తుంటుంది. ఎనిమిది పది సెకన్ల కదలిక ఒకటి, మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది, గానుగెద్దులాగా. బొమ్మ ఒంటి మీద కంటికి కనపడని డబ్బాలు తగిలించి వుంటాయి: తలకొకటి, భుజానికొకటి, నడుముకొకటి. మన వేలు ఏ డబ్బాకు తగిలితే దానికి కట్టిపెట్టిన కదలికా మాటా వచ్చి, అయిపోగానే మళ్ళీ వూపిరి తియ్యటంలోకి పోతుంది. కొన్నింటిలో ఒకే చోటికి మూడు జవాబులు వుంటాయి, ఏది వస్తుందో చీట్లు తీసినట్టు తీస్తారు. ఎన్నిసార్లు ముట్టుకున్నామో లెక్కపెట్టేవీ వున్నాయి. అంతకుమించి యంత్రాంగం లేదు. దీనినే 'ఇంటరాక్టివ్' అని అమ్ముతారు.

పరస్పరం అనదగ్గది అందులో ఏముంది? తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రామాయణం మధ్యలో దూరి, ఆ ఊరి మనిషి మీద, ఆ యేటి కరువు మీద మాట విసురుతారు. జనం నవ్వితే మాట పెంచుతారు, నవ్వకపోతే మారుస్తారు. ఊళ్ళోవాడు కూచున్నచోటి నుంచి తిరిగి ఒక మాట అంటే దానికి అక్కడికక్కడ జవాబు వుంటుంది. జనం ఆటను మార్చారు, ఆట జనాన్ని కదిలించింది. లాబీలోని బొమ్మను మనం వెయ్యిసార్లు ముట్టుకున్నా దానికి మన సంగతి ఒక్కటీ తెలియదు. మనం మారం, అదీ మారదు.

అయినా జనం ముట్టుకుంటారు. ఎందుకు ముట్టుకుంటారో చిన్నచూపు చూడకుండా ఆలోచించాలి. మా యింటి పక్క సందులో కిరాణా కొట్టులో పనిచేసే పదిహేడేళ్ళ కుర్రాడు నాకు తన ఫోను చూపించాడు. రాత్రి పదిన్నరకు కొట్టు మూసి, గదికి వెళ్ళి, ఆట ఆడకపోయినా ఆట తెరుస్తాడట. "తెరవంగనే మంచిగ పలకరిస్తది సార్" అన్నాడు. రోజంతా "అరేయ్, ఇది తే, అది తే" అని పిలిపించుకున్నవాడికి, తెరవగానే తన పేరు పెట్టి వంగి నమస్కరించే బొమ్మ ఒకటుంది. దానికి అతను రెండు నెలలు కూడబెట్టి నాలుగువందలు పెట్టాడు. అతన్ని చూసి నవ్వే హక్కు నాకు లేదు. అతని ఒంటరితనం నిజం. అమ్ముడుపోతున్నది ఆ నిజమే.

అతను కొన్నది ఏమిటి? వస్తువు కాదు. అది అతని సొంతమూ కాదు, వాడుకునే అనుమతి మాత్రమే. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు, ఎంతోమంది పిల్లల వేషాల పెట్టె ఒక్క పూటలో తాళం పడింది. 2021 జులైలో అదే ఆట ఇంకో పేరుతో వచ్చి పాత వేషాలు తెచ్చుకోనిచ్చింది. 2022 జులైలో దాన్నీ స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. మా అమ్మ పెట్టెలోని పట్టుచీర ఏ ప్రభుత్వమూ మాయం చెయ్యలేదు.

ఇక కొన్ని ఆటల్లో వేషాన్ని నేరుగా అమ్మరు. డబ్బు పెట్టి లాటరీ తియ్యాలి, తగిలితే తగులుతుంది. జపానులో 2012లో, కొన్ని చీట్లన్నీ పూర్తిచేస్తేనే అసలు బహుమతి ఇచ్చే పద్ధతి చట్టవిరుద్ధమని అక్కడి వినియోగదారుల సంస్థ తేల్చింది. బెల్జియం 2018లో డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలను జూదంగా లెక్కించింది. మన పార్లమెంటు 2025 ఆగస్టులో చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను నిషేధించింది. వేషం గెలవటం డబ్బు గెలవటం కాదనే వాదన మాత్రం వ్యాపారుల చేతిలో ఇంకా వుంది. చట్టం సంగతి చట్టం తెలిసినవాళ్ళు రాస్తారు. నేను మళ్ళీ పాత్ర దగ్గరికి వస్తాను.

భరతుడు అభినయాన్ని నాలుగుగా చెప్పాడు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. స్కిన్ మొదట్లో ఆహార్యం మాత్రమే, అంటే వేషధారణ, నగ, రంగు. కదిలే స్కిన్ వచ్చాక ఆంగికం కూడా దానితో కలిపి అమ్మారు: ఈ చీర కొంటే ఈ నడక. పలికే స్కిన్ వచ్చాక వాచికమూ చేరింది: ఈ చీరతో ఈ నడక, ఈ ఇరవై రెండు మాటలు. పాత్ర నుంచి ఒక్కొక్క పొరే వొలిచి ధరకట్టారు. మిగిలింది సాత్త్వికం. కన్నీరు, గగుర్పాటు, స్తంభించిపోవటం. అది నటుడి లోపలినుంచి రావాలి, దానికి కారణం కథలో వుండాలి. కథ లేదు. కనక ఆ నాలుగోది కొన్నవాడే తెచ్చుకుంటాడు, కిరాణాకొట్టు కుర్రాడిలాగా.

నటుల శరీరాలు కూడా ఈ దారిలోకి వచ్చాయి. 2014లో రజనీకాంత్ కదలికలను యంత్రాలతో పట్టి 'కోచ్చడయాన్' తీశారు, తెలుగులో 'విక్రమసింహ'. 2020లో 'ఫ్రీ ఫైర్' అనే ఆట హృతిక్ రోషన్ పోలికతో 'జై' అనే పాత్రను పెట్టింది. మన 'బాహుబలి' 2017లో మొబైల్ ఆటగా వచ్చింది, దాన్ని చేసింది బెంగుళూరు కంపెనీ 'మూన్‌ఫ్రాగ్'. కట్టప్ప అందులో సైన్యాన్ని నడుపుతాడు. సినిమాలో కట్టప్ప ఎందుకు పొడిచాడని దేశమంతా రెండేళ్ళు అడిగింది. ఆటలో ఆ ప్రశ్నతో ఎవరికీ పనిలేదు.

మరి ఆ ఇరవై రెండు మాటలు?

మొదటి తంటా 'నువ్వు', 'మీరు' దగ్గర వచ్చింది. ఇంగ్లీషు కాగితంలో 'యూ' అని ఒకటే మాట. ఆ యోధురాలు ఆటగాణ్ణి ఏమని పిలవాలి? 'మీరు' అంటే ఆమె కొలువులో దాసి అయిపోతుంది. 'నువ్వు' అంటే సమానురాలు కావచ్చు, ప్రియురాలూ కావచ్చు. నడుము దగ్గరి మాటలో 'నువ్వు' పెడితే రెండోదే వినిపిస్తుంది. ఆడేది అమ్మాయి అయితే? ఆ కాగితం రాసినవాళ్ళకు ఆ అనుమానమే రాలేదు. చివరికి పిలుపే లేకుండా రాద్దామని నిర్ణయించుకున్నాను. తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నిలుస్తుంది, కాని క్రియ చివర 'వు'నో 'రు'నో బయటపడుతుంది. దానికోసం ఆ 'వు', 'రు' బయటపడని మాటలు వెతికాను. "ఇంకా తెల్లారలేదు." "కత్తికి పదును చాలదు." ఇరవై ఏళ్ళు నాటకాలు రాసినవాడికి అలా రాయటం ఇంత కష్టమని అప్పటిదాకా తెలియదు.

రెండోది యాస. మా అమ్మాయి ఆమెతో తెలంగాణ మాట్లాడిద్దామంది. పైవాళ్ళు 'అందరికీ తెలిసే తెలుగు' కావాలన్నారు. అందరికీ తెలిసే తెలుగంటే ఎవరి తెలుగో మీకు తెలుసు. ఆ వాదన అక్కడ గెలవలేదు.

మూడోది నడుము. ఆ గడి ఖాళీగా వదిలేద్దామన్నాను. "ఇడిసిపెడితే షీటు వాపస్ వస్తది సార్. వాళ్ళు లెక్క పెట్టుకుంటరు" అంది. ఎవరు పెట్టారీ గడి అని అడిగితే, ఎక్కడో ఒక దేశంలో ఎవరో పెట్టారనే జవాబు తప్ప లేదు. మగ పాత్రల కాగితం చూపించమన్నాను. చూపించింది. అందులో తల వుంది, భుజం వుంది, చెయ్యి వుంది. నడుము లేదు. మా అమ్మాయి నా వంక చూడకుండా తెర వంక చూస్తూ, "నడుం డబ్బా నేనే తగిలించిన సార్. జరగకుండ, ఎముకకు కట్టి" అంది.

ఆ గడిలో మొదట నేను రాసింది: "చెయ్యి తియ్." వారం తర్వాత తిరిగొచ్చింది. పక్కన రాసిన వ్యాఖ్య నాకు చదివి వినిపించింది: మాట బాగుంది, కాని మరీ కఠినం, ఇది వింటే ఆడేవాడు మళ్ళీ ముట్టుకోడు. వాళ్ళకు కావలసింది సిగ్గు గాదని అప్పుడు అర్థమయింది. మళ్ళీ ముట్టుకోవటం కావాలి. సిగ్గు అందుకు పనికొచ్చే సాధనం. మన శృంగార ప్రబంధాల్లో నాయిక సిగ్గుకు ఎన్ని పేజీలు కేటాయించారో నేనే పాఠం చెప్పివున్నాను. ఆ సిగ్గు ఎవరికి పనికొచ్చిందని ఎప్పుడూ క్లాసులో అడగలేదు.

తర్వాత ఆ అమ్మాయే ఒక దారి కనిపెట్టింది. నడుము ముట్టుకున్నప్పుడు బొమ్మ చెయ్యాల్సిన కదలిక అప్పటికే తయారయి వుంది: చెయ్యి నడుము మీదికి వెళుతుంది, తల కొంచెం వాలుతుంది. అది సిగ్గు కదలిక. కాని నడుముకు కత్తి వొర వేలాడుతోంది. చేతిని నాలుగు వేళ్ళ దూరం పక్కకు జరిపితే వొర మీద పడుతుంది. ఆ పని ఒక మధ్యాహ్నంలో చెయ్యొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. తల వాలటం అలాగే వుంచింది. దానికి తగ్గట్టు నేను మాట మార్చాను: "ఈ వొర మా అమ్మది."

రెండు సెకన్లలో పట్టింది. భావం గడిలో ఏముందో దానికి విరుద్ధంగా లేదు, తల వాలే వుంది. వొప్పుకున్నారు. ఆ కాగితం మొత్తంలో ఆ యోధురాలికి ఒక తల్లి వున్నట్టు, ఆ తల్లి కూడా కత్తి పట్టినట్టు తెలిసే చోటు అదొక్కటే. ఎవరో ఒక కుర్రాడు వెకిలిగా వేలు పెట్టినప్పుడు వినిపిస్తుంది. విని ఏమనుకుంటాడో నాకు తెలియదు.

ఇలాంటి పని మన విద్యార్థులకు ఇకముందు చాలా వస్తుంది. ఒక్కొక్క మాటకు ఇంతని ఇస్తారు, పేరు ఎక్కడా వెయ్యరు. తోలుబొమ్మ చేసినవాడి పేరు కూడా బొమ్మ మీద వుండేది కాదు నిజమే, కాని ఆ రాత్రి ఆట ఆడినవాడు ఫలానా అని ఊరికి తెలుసు. 2025 ఆగస్టులో సినిమా కార్మికులు కూలి పెంచమని సమ్మె చేసినప్పుడు షూటింగులు ఆగిపోయాయి, పత్రికలన్నీ రాశాయి. ఆ రోజుల్లోనూ ఆ రెండో అంతస్తు గదిలో పని ఆగలేదు. అక్కడ నేను మాట్లాడిన పదిమందిలో ఒక్కళ్ళకూ ఏ సంఘం కార్డూ లేదు.

చివరి వరస ఇంకా వుంది గదా, ఇరవైసార్లు ముట్టుకుంటే వచ్చే ముద్దు కోపం. దానికి నేను మాటే రాయలేదు. బొమ్మ వెనక్కి తిరిగి నిలబడాలని రాశాను. మూడు సెకన్లు వీపు కనిపించాలి, అంతే. మా అమ్మాయికి నచ్చింది. కాని ఆ బొమ్మకు వీపువైపు రంగు సరిగా వెయ్యలేదట. లాబీలో ఎవరూ వెనకనుంచి చూడరు కనక ఖర్చు తగ్గించారు. తోలుబొమ్మకైతే రెండువైపులా రంగు వుంటుంది. వీపు పూర్తిచెయ్యటానికి నాలుగు రోజుల పని, దానికి డబ్బు లేదన్నారు. ఆ వరసలో పాత నవ్వునే వుంచారు.